పెదనాన్న దిగితేనే కదిలిన కారు

ఆ రోజుల్లో నాకు రెండే దిగుళ్ళు. ఉద్యోగంలో చేరి ఏడాదైనా మా మేనేజరుకి నా పేరు గుర్తుండకపోవడం ఒకటి. నా సెకండ్ హ్యాండ్ ఎర్ర స్పోర్ట్స్ కారు టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండటం రెండోది. మొదటిదానికి చేయగలిగిందేమీ లేదు కనుక రెండోదాని మీద పడ్డాను. పొట్టి స్ప్రింగులు వేస్తే కారు కిందికి దిగి రోడ్డుని కరుచుకుని పోతుందని ఎక్కడో చదివి, వాటిని తెప్పించి ఆటోనగర్‌లో మా మెకానిక్ భాయ్ ముందు పెట్టాను. "అందరూ ఎత్తు పెంచమని వస్తారు, మీరేంటండీ దించమంటారు? మన రోడ్లు చూశారా?" అన్నాడాయన. "లుక్ వేరు భాయ్" అన్నాను. (నడుం కూడా వేరవుతుందని అప్పటికి తెలియదు.) సాయంత్రానికి సందు రెండు వేళ్ళయింది. వన్ టౌన్ మీదుగా ఇంటికి వస్తుంటే ప్రతి గుంతా నా వెన్నుపూసల్ని లెక్కపెట్టింది. అయినా అమ్మతో, "వెన్నలా వెళ్తోంది" అన్నాను.

ఆ మాట మా పెదనాన్న చెవిన పడింది. రిటైరైన లెక్కల మాస్టారు. ఎవరికీ అర మార్కు ఊరికే వేసి ఎరగరు. పైగా నడుం నొప్పి మనిషి. "అయితే ఆదివారం నన్ను తీసుకెళ్ళరా" అన్నారు. హనుమాన్ జంక్షన్ దాటాక లోపలున్న ఊళ్ళో, ఆయన పాతికేళ్ళు పాఠాలు చెప్పిన బడిలో సన్మానం. ఆయన చేత బాగుందనిపించుకుంటే ఇక కాదనేవాడు ఉండడని నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

హైవే మీద కారు నిజంగానే హాయిగా పోయింది. "స్థిరంగా ఉందిరా. డెబ్భై వేస్తా" అన్నారు. ఆయన నోట డెబ్భై! ఆ సంబరంలో ఊళ్ళోకి తిరిగానో లేదో, చేను గట్టులాంటి స్పీడ్ బ్రేకర్ ఎదురైంది. ముందు చక్రాలు దాటాయి, కారు కడుపు ఆనింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

"ఏమైందిరా?"

"ఏం లేదు పెదనాన్నా, కొంచెం... ఆనింది."

ఆయన దిగారు. తొంభై కిలోల బరువు తగ్గేసరికి కారు కాస్త లేచి, గరగరమంటూ దాటింది. బడి దాకా ఇలాంటివి ఇంకో ఐదున్నాయని టీకొట్టు ఆయన చెప్పాడు. "ఎక్కడం, దిగడం ఎందుకు? నేను నడుస్తా, నువ్వు వెనకాల రా" అంటూ పెదనాన్న జరీ కండువా సర్దుకుని బయల్దేరారు. వెనకాల దేకుతూ నా ఎర్ర కారు. "మాస్టారు కారుండి కూడా నడిచొస్తున్నారండోయ్!" అని ఎవరో కేకేశారు. గుమ్మాల్లోంచి జనం దిగారు. నెరిసిన మీసాల శిష్యులు కాళ్ళకి దణ్ణం పెట్టారు. బడికి చేరేసరికి ముప్ఫైమంది మా ముందున్నారు.

సభలో హెడ్మాస్టరుగారు ఆ వినయాన్ని తెగ పొగిడారు. పెదనాన్న అబద్ధమాడరు, నేను స్తంభం చాటుకి జరిగాను. "వినయమేమీ కాదండీ, మావాడు కారుకి పొట్టి స్ప్రింగులు వేయించాడు" అన్నారు మైకులో. సభంతా గొల్లుమంది. నవ్వులు తగ్గాక, "కానీ లోపల కూర్చునుంటే మిమ్మల్నిలా గుమ్మం గుమ్మానా చూసేవాణ్ణి కాదు" అన్నారు.

తిరిగి వస్తూ మొత్తం మార్కులు అడిగాను. "హైవేకి డెబ్భై, ఊరికి పన్నెండు. సగటు నువ్వే కట్టుకో." నలభై ఒకటి. పాసయ్యాననుకుని మరో ఏడాది ఆ స్ప్రింగులతోనే తిరిగాను.

ఇప్పుడు నాది ఎత్తైన, మెత్తని కారు. అందులో కూర్చుని కూడా రోడ్డు బాగాలేదని సణుగుతుంటాను. నడుం పట్టేసినా పళ్ళు బిగించి "వెన్నలా ఉంది" అని నవ్వగలిగిన ఆ కుర్రాడంటే మాత్రం నాకు కొంచెం అసూయే.