కుడి చెవి కమ్మ

2007 మార్చి, రెండో బుధవారం. చల్లపల్లిలో విజయవాడ బస్సెక్కాను. పక్కన కూర్చున్న ముప్పై ఏళ్ల అమ్మాయి, కూచిపూడి వచ్చేలోగా నా చెవివైపు ఆరుసార్లు చూసింది. నావి ఏడు రాళ్ల కమ్మలు. కొంగు తలమీదికి లాక్కున్నాను.

“ఏంటమ్మా, అలా చూస్తన్నావ్?”

ఆమె సిగ్గుపడి ల్యాప్‌టాప్ తెరిచింది. అందులో ఒక ముసలామె తల ఉంది. మట్టిబొమ్మను చెక్కినట్టు కంప్యూటర్లోనే చెక్కిందట. చర్మం మీద సన్నటి గీతలు కూడా పెట్టింది.

“బొమ్మల సినిమా కోసమండీ మామ్మగారూ. ప్రాణం లేదని మా ఆఫీసువాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. రేపు కూడా నచ్చకపోతే ఈ పని ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు.”

కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టాను. ఎడమ కంటి పక్కన పదకొండు ముడతలు, కుడి కంటి పక్కనా పదకొండే.

“ఇటు చేసిందే అటు అద్దావా?”

“రెండువైపులా ఒకేసారి పడతాయండీ. పని తొందరగా అవుద్దని...”

“మనిషి రెండు పక్కలకీ ఒకేసారి తిరిగి పడుకుంటుందా?”

నేను పడుకునేది కుడిపక్కకే. అటే ముడతలెక్కువ, ఆ చెవి తమ్మె కూడా బాగా సాగింది. కొంగు తీసి చూపించాను.

ఆమె కెమెరా తీసింది. “ఆ కమ్మ తీస్తారాండీ, ఒక్క నిమిషం?”

అనుమానం మళ్లీ మొదటికొచ్చింది. అయినా తీసి, పిడికిట్లో బిగించాను. నాలుగు ఫోటోలు తీసుకుని, దణ్ణం పెట్టి, ఉయ్యూరులో దిగిపోయింది.

విజయవాడ బస్టాండులో గాని పిడికిలి విప్పలేదు. అరచేతిలో రాళ్ల అచ్చులు లోతుగా దిగాయి. ఏడూ ఉన్నాయి. ఆ అచ్చులు ఆ అమ్మాయికి చూపిద్దామని పక్కకు తిరిగాను. సీటు ఖాళీ.