నల్ల తెర మీద పులి వంశం

మొన్న మా చెల్లెలి మనవరాలు సెలవులకి వచ్చి, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరుచుకుని కాలేజీ పని ఏదో చేసుకుంటోంది. పెసరట్టు పెడదామని వెళ్ళి చూస్తే, బొమ్మలూ రంగులూ ఏమీ లేని నల్లటి తెర. అందులో ఒక వరుస టైపు చేసి ఎంటర్ కొట్టింది. కింద ఒక ప్రశ్నార్థకం, పక్కన చిన్న గీత వచ్చి నిలబడ్డాయి. "ఇది ప్రోలాగ్ అని ఒక కంప్యూటర్ భాష అమ్మమ్మా, నీకు తెలీదులే" అంది. తెలియకపోవడమేమిటి! ఆ ప్రశ్నార్థకాన్ని అరకులో ఏళ్ళ తరబడి కాపలా కాసినదాన్ని. "ముందు అది ఫైలు చదివిందో లేదో చూసుకోవే" అన్నాను. పిల్ల నోరు తెరుచుకుని నాకేసి చూసింది.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. పాలలో వేలు ముంచి చూడందే పోయించుకోను. సంతలో పనసకాయని తట్టి, వాసన చూసి, మళ్ళీ తట్టి, అమ్మే మనిషికి విసుగొచ్చేదాకా వదలను. విజయనగరం పక్క పల్లెటూరి నుంచి కాపరానికి ఆ కొండల మీదికి వెళ్ళినప్పుడు కూడా ఆ గుణాన్ని భద్రంగా వెంట తీసుకెళ్ళాను. మావారు అక్కడి కాలేజీలో లెక్కలు చెప్పేవారు. తొంభైల చివర్లో విశాఖ నుంచి ఒక పాత కంప్యూటర్‌ని కొని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చారు. నాతో ముక్తసరిగా మాట్లాడే మనిషి దానితో గంటలు గంటలు గడిపేవారు. ఏం చేస్తున్నారండీ అంటే, "దీనికి చుట్టరికాలు నేర్పుతున్నాను" అన్నారు. ఫలానావాడు ఫలానావాడి కొడుకు, వీళ్ళది పులి వంశం, వాళ్ళది పాము వంశం అని ఒక్కొక్క నిజమే రాసిపెడితే, తతిమ్మా సంబంధాలన్నీ అదే తర్కించి చెబుతుందట. ఆ కొండల్లో ఒకే వంశంవాళ్ళు ఎంత దూరాన ఉన్నా అన్నాచెల్లెళ్ళ లెక్క. వాళ్ళ మధ్య పెళ్ళి కూడదు. మనుషులకి తెలిసిన ఈ సంగతి మళ్ళీ మిషను చెప్పడమెందుకో నాకు బోధపడేది కాదు.

ఊళ్ళవాళ్ళు నన్ను మించిన అనుమానస్థులు. ఈ మాస్టారికి మా తాతల పేర్లతో పనేమిటి, భూములు కొలుస్తారా, అటవీ శాఖవాళ్ళు పంపారా అని గుసగుసలాడుకునేవారు. ఆయన దగ్గర చదువుకుని పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగంలో చేరిన ఆ కొండల అమ్మాయి ఒకతె ఆయన వెంట వెళ్ళి, వాళ్ళ భాషలో నచ్చజెప్పేది. అన్ని ఇళ్ళకీ ఒక్కసారి వెళ్ళేది గాని, పక్క లోయలో కాఫీ తోట ఉన్న ఒక అబ్బాయి ఇంటికి మాత్రం ఏదో ఒక పేరు మరిచిపోయానంటూ మళ్ళీ మళ్ళీ వెళ్ళేది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఆ అనుమానం నిజమయింది కూడా.

ఇద్దరూ పెళ్ళి చేసుకుంటామన్నారు. పిల్ల తండ్రికి అబ్బాయి నచ్చాడు. అంతలో చైత్రంలో ఊరంతా వేటకి వెళ్ళే ఇటుకల పండగనాడు ఎవరో ముసలాయన, ఆ అబ్బాయి ముత్తాత ఒడిషా నుంచి వలస వచ్చినవాడనీ, వాళ్ళ వంశమేదో ఎవరికీ రూఢిగా తెలియదనీ, అసలు పులి వంశమేమోననీ ఒక మాట విసిరాడు. మన పిల్లది పులి వంశం. ఆ మాటే నిజమైతే పెళ్ళి లేదు. కాదని చేసుకుంటే వాళ్ళింట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టరు. శుక్రవారం సంతకి వచ్చిన తండ్రి, కూతుర్ని వెంటబెట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు.

"బాబూ, మీ మిషనుకి అందరి తాతలూ ఎరికంతన్నారు గదా. ఆ గుంటడిది పులి వొంశమా, కాదా? అడగండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయి వచ్చింది. మామూలుగా ఆ మిషన్ని లేపడం పెద్ద తతంగం. ముందు చుట్టరికాలు దాచిన ఫోల్డర్‌లోకి వెళ్ళాలి. అక్కడ ప్రోలాగ్ అని కొట్టి, మెమరీ ఎంత వాడుకోవాలో పక్కనే రాయాలి. అది లేస్తూనే ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫైలు చదువుకుని, చదివానని ఒక వరుస చూపించి, అప్పుడు ప్రశ్నార్థకం పెట్టేది. ఆ రోజు ఎదురుగా మనుషులు నిలబడేసరికి ఈయనకి హుషారెక్కువై, ఫోల్డర్ సంగతే మరిచి ఉన్నచోటి నుంచే టకటకా కొట్టేశారు. ఇద్దరి పేర్లూ ఇచ్చి ఒకే వంశమా అని అడిగారు. రెప్పపాటులో "నో" అంది.

పిల్ల మొహం వెలిగిపోయింది. తండ్రి మాత్రం "ఏటి, ఇంత బేగి సెప్పీసింది?" అన్నాడు. నాకూ అదే అనిపించింది. పైగా చదివానన్న వరుస కనబడలేదు.

"ఏమండీ, నేను మీ భార్యనో కాదో అడగండి దాన్ని" అన్నాను. అందులో ఆయన మొట్టమొదట ఎక్కించిన నిజం అదే. విసుక్కుంటూ కొట్టారు.

"నో" అంది.

"ఓలమ్మో! ఇన్నేళ్ళు ఈయనకి వండి పెట్టినదాన్ని నేను కాదుటండీ?" అని నేను గోల పెట్టేశాను. తండ్రి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాడు. మావారి చెవులు ఎర్రబడ్డాయి. పాపం అది ఖాళీ బుర్రతో లేచింది. ఆ పాత రకానికి ఏమీ చదివించకపోతే ఏది అడిగినా నో అనే అంటుంది.

బయటికొచ్చి, ఫోల్డర్ మార్చి, మళ్ళీ లేపారు. ఈసారి వరుస వచ్చింది. నా సంగతి అడిగితే "యస్" అని ఒప్పుకుంది. అసలు ప్రశ్న టైపు చేయబోతుంటే ఆ పిల్ల అడ్డం వచ్చింది.

"వద్దు సార్. ఇందాక నో అన్నాది గదా. అది సాలు."

 నాకు చటుక్కున అనుమానం తగిలింది. ఈ పిల్లకి ఏదో తెలుసు. అబ్బాయి ఇంట్లో రాసుకున్న పేర్లలో ఒకటి మింగేసిందా? నేను అడగకముందే తండ్రి అడిగాడు.

"ఏటి దాస్తన్నావే గుంటా?"

"ఏటీ నేదు నాయినా. బయమేస్తంది" అని ఏడ్చేసింది. నాకు ఎంత జాలి వేసిందో చెప్పలేను. అనుమానం మాత్రం పోలేదు.

తండ్రి అడగమన్నాడు. ఈసారి మిషను కాస్త తటపటాయించి, మళ్ళీ "నో" అంది. పిల్ల కళ్ళు తుడుచుకుంది. తండ్రి కదల్లేదు.

"బాబూ, నిజం సెప్పండి. కాదన్నాదా, తెలీదన్నాదా?"

మావారికి అబద్ధం చేతకాదు. అబ్బాయి వైపు పేర్లు ముత్తాత దగ్గరే ఆగిపోయాయి. ఆయన వంశమేమిటో ఎవరూ చెప్పలేదు. "దానికి తెలీదనడం రాదు. తెలియనిదాన్ని కూడా లేదనే అంటుంది" అన్నారు, పిల్ల మొహంకేసి చూడలేక కీబోర్డుకేసి చూస్తూ.

"అయితే తెలిసినోల్లనే అడుగుతాను" అని తండ్రి లేచాడు. ముత్తాత ఊరు వెతుక్కుంటూ ఒడిషా దారి పట్టాడు. అతను తిరిగొచ్చేదాకా ఆ పిల్ల మా గడప తొక్కలేదు. నాకు మిషను మీద ఒళ్ళు మండిపోయి, దానిమీద దుప్పటి కప్పేశాను. 

ఒక సంతరోజు తండ్రీ కూతుళ్ళు మా వాకిట్లోకి వచ్చారు. ముత్తాత ఊళ్ళో ఆ సంగతులన్నీ తెలిసిన ముసలమ్మ ఒక్కర్తే మిగిలిందట. ఆవిడా ఆ ఏటి వానల్లోనే పోయిందట. మిగతావాళ్ళెవరికీ ఏమీ తెలియదన్నారట.

"మరేం చేస్తావయ్యా?" అన్నాను.

కూతురి మొహంకేసి చూశాడు. ఆ పిల్ల చిక్కిపోయి ఉంది.

"తెలిసినోల్లు నేరు గదమ్మా. తెలీనిదాన్ని నేదనీసుకుందుం" అన్నాడు.

మిషను చెప్పిందని అనలేదు. ఆ మాట బరువు తనే మోశాడు. పిల్ల అక్కడే నేల మీద కూలబడి తండ్రి కాళ్ళు పట్టుకుంది. నాకూ ఏడుపొచ్చేసింది. పెళ్ళికి ఇద్దరం వెళ్ళాం. థింసా ఆడేవాళ్ళ మధ్య మావారు అడుగు తప్పుతూ తంటాలు పడుతుంటే, నేను ఒక పక్కన కూర్చుని పెళ్ళికొడుకు ముక్కూ పెళ్ళికూతురి ముక్కూ పోల్చి చూసుకుంటూ ఉండిపోయాను. ఏమీ తేలలేదు. కాలం తెలిసినవాళ్ళని ఒక్కొక్కరినే తీసుకుపోయి, మిగిలినవాళ్ళచేత అన్నిటికీ లేదనిపిస్తుంది. అనుమానస్థురాలినే అయినా, ఆ ఒక్కసారికి మాత్రం ఆ లేదు నిజమో కాదో నేను తిరిగి అడగలేదు.