మా బిర్యానీ సంతకాలు కొట్టేయించిన పోలయ్య బావ

ఇవ్వలేదు! ఆయిల్ కంపెనీకి మన డబ్బు ఇవ్వలేదు!

ఈ పొద్దున గవర్నమెంట్ ఆర్డర్ వచ్చింది. నెల్లూరులో వకీలు దగ్గర పనిచేసే మా అమ్మాయి సుజాత ఫోన్లో చదివి వినిపించింది. కంపెనీ నష్టం కంపెనీదే అంట. చేపల వేట నిషేధం రెండు నెలలూ మనకొచ్చే సాయం మనకే.

నా బిడ్డ నోట ఆ మాట విని ఎగిరి గంతేసినాను. ఈ వయసులో.

వెంటనే పోలయ్య బావకి చెప్దామని నంబర్ నొక్కినాను.

రింగ్ కూడా అయింది.

అప్పుడు గుర్తొచ్చింది. బావ నిన్న పోయినాడు.

వల బాగుచేసుకుంటా గుండె పట్టుకున్నాడంట. మేము పోయేసరికి అయిపోయింది. ఈరోజు మా ఊళ్ళో ఒక్క పడవా కదల్లేదు.

బావంటే మా చెల్లెలి భర్త. నోరు కొంచెం దురుసు. మనిషి మాత్రం బంగారం.

తెలియనోళ్ళకి జరిగింది చెప్తాను.

ఆయిల్ రేట్లు పడిపోయినాయని, గవర్నమెంట్ ఆదుకోవాలని మా తీరంలో ఉండే కంపెనీ అడిగింది. మా నిషేధం సాయంలోనించి తీసి వాళ్ళకిచ్చే ఆలోచన. దానికి కంపెనీవోళ్ళు ఊళ్ళో షామియానా వేసి మీటింగ్ పెట్టినారు. వచ్చినోళ్ళకి బిర్యానీ పొట్లం. పొట్లానికి ఒక సంతకం.

నేనూ పెట్టినాను.

మూడు రోజులకి తెలిసింది. ఆ సంతకాలన్నీ "ఊరంతా ఒప్పుకుంది" అనే కాగితం వెనక చేరినాయి.

బావ ఒక్కడే పొట్లం ముట్టలేదు. ఇంటికి పోయి చద్దన్నంలో ఎండుచేప నంజుకున్నాడు.

"చికెనా మటనా బావా?" అని అడిగినాడు నన్ను.

"చికెన్."

"మటన్ కూడా కాదా! చికెన్ ముక్కకే ఊరిని రాసిచ్చేసినావే!"

నవ్వినాడు. తర్వాత నవ్వలేదు.

"తుఫానుకి మన పడవలు పగిలితే మీ ఖర్మ అన్నారు. వాళ్ళకి రేటు పడితే మాత్రం మన పిల్లల కూడు తీసివ్వాలా? లాభాలొచ్చినప్పుడు పిలిచినారా మనల్ని?"

ఇల్లిల్లూ తిరిగినాడు. సుజాత చేత అర్జీ రాయించినాడు. మా పిల్ల బాగా చదువుకున్నట్టు ఇంగ్లీష్ మాటలన్నీ పెట్టి రాస్తే, బావ ఒప్పుకోలా.

"ఉన్నది రాయి అమ్మాయ్. ఆ సంతకాలు బిర్యానీకి పెట్టినవి, కంపెనీకి కాదు అని రాయి."

"ఆఫీసర్లు నవ్వుతారు మామా."

"నవ్వనీ. చదువుతారు గదా."

అర్జీ తీసుకుని పోతే, నెల్లూరు ఆఫీసులో పెద్ద సారు నిజంగానే నవ్వినాడు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదటినించి చదివినాడు. కింద మా సంతకాలు, వేలిముద్రలు. మొదటిది నాది. బావే పట్టుబట్టి నా చేత ముందు పెట్టించినాడు.

ఒక్కరోజు ఆగుంటే వినేవాడు. ఏం చేస్తాం.

పోయిరా బావా. గెలిచినావు. ఇంక నిమ్మళంగా పడుకో, నీ ఆత్మకి శాంతి కలగాలి.

చెప్పాల్సినోళ్ళు. పోయిన సంగతీ, గెలిచిన సంగతీ, రెండూ చెప్పండి:

చిట్టమూరులో బావ పెద్దక్క. ఫోన్ లేదు, దగ్గరోళ్ళెవరైనా పోయి చెప్పండి. చెవి దగ్గర గట్టిగా చెప్పాలి.

ముత్తుకూరులో తమ్ముడు కోటయ్య. మాటల్లేవు ఇద్దరికీ. అయినా చెప్పండి.

చెన్నై హార్బర్లో పనిచేసే బావ పెద్దల్లుడు.

మా చెల్లెలు. మొదటిది ఆమెకి తెలుసు. రెండోది నేనే పోయి చెప్తాను.