పీర్లు మా ఇంట్లో ఉన్న వానాకాలం

మొన్న ఆదివారం మా కోడలు ఫోను చూసుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. పాత కట్టడాలను ఊరివాళ్లే బాగు చేసుకుంటామంటే గ్రాంటు ఇచ్చే సంస్థలు ఇప్పుడు చాలా ఉన్నాయట, తన ఆఫీసు వాళ్లు కూడా ఏటా కొంత ఇస్తారట, మన అమీన్‌పూర్‌లో అలాంటిదేమైనా ఉంటే రాసి పంపుదామని అపార్టుమెంటు వాళ్లు అనుకుంటున్నారట. గ్రాంటు అన్న మాట చెవిన పడగానే నాకు ఊదు పొగ, తడి సున్నం కలిసిన వాసన తగిలినట్టయింది. ఆ రెండింటికీ సంబంధం ఏమిటో ఆమెకు ఎంత చెప్పినా సగమే అందింది గాని, మా వైపు పల్లెల్లో బతికిన నా ఈడువాళ్లకు అందుతుందని నమ్మి రాస్తున్నాను.

గుమ్మడిదల దగ్గరి ఒక పల్లెకు నేను కోడలిగా వచ్చి, ఆ ఊరి బడిలోనే పంతులమ్మగా చేరిన తొలి రోజులవి. చుట్టూ అప్పుడప్పుడే మందుల కంపెనీలు లేస్తున్నాయి; మగవాళ్లలో సగం మంది పొద్దున పొలానికీ, సగం మంది షిఫ్టుకూ పోయేవాళ్లు. ఊరి నడుమ పీర్ల చావిడి, అంటే మొహర్రం నాడు ఊరేగించే పంజాలను ఉంచే ఇల్లు, ఉండేది. మందమైన సున్నపు గోడలు, టేకు దూలాలు, ముందర పండుగనాడు నిప్పులు పోసే గుండం. చావిడిని చూసుకునే ముజావరు ఆ ముందటేడే కాలం చేశాడు. ఆయన కొడుకులు పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనికి కుదిరి అక్కడే కిరాయికి ఉండేవాళ్లు. భార్య మాత్రం ఊరు వదలలేదు. ఊరంతా ఆమెను ఖాలా అని పిలిచేది. ఊరిలో మిగిలిన ముస్లిం ఇల్లు అదొక్కటే అయినా పండుగ మాత్రం అందరిదీ. పిల్లలు పుట్టినా, జ్వరం తగ్గినా, బావిలో నీళ్లు పడినా ప్రతి ఇంటివాళ్లూ వెళ్లి పీరుకు దట్టీ గుడ్డ కట్టి, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు పంచేవాళ్లు. మా అత్తమ్మ అయితే మా ఆయన పుట్టింది ఆ మొక్కుతోనే అని నాకు పెళ్లయిన వారంలోనే చెప్పింది.

ఆ ఎండాకాలం చావిడి కప్పు ఒక పక్క కుంగింది. అదే రోజుల్లో మా బడికి వచ్చిన ఒక ఇంజనీరమ్మ, ఇలాంటివి బాగు చేయటానికి పట్నంలో తాను పనిచేసే సంస్థ డబ్బు సాయం చేస్తుందనీ, కాకపోతే పాత పద్ధతిలోనే సున్నంతో కట్టాలనీ, చాకిరీ ఊరివాళ్లే చేయాలనీ చెప్పింది. దరఖాస్తు నేను రాశాను. సర్పంచుగా ఉన్న మా చిన్నమామ, అంటే మా మామగారి తమ్ముడు, సంతకం పెట్టాడు. మేము ఎదురుచూడనంత తొందరగా మొదటి విడత వచ్చింది. కప్పు విప్పారు. పీర్లను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. ఖాలా గుడిసె వానకు ఆగేది కాదు. నలుగురూ తలోమాట అంటుండగా మా అత్తమ్మ లేచి ఇంటికి వెళ్లి, జొన్నల గుమ్ములున్న లోపలి గది ఊడ్చి, అలికి, తలుపు తీసి పెట్టి వచ్చి, ఖాలా చేయి పట్టుకుని, “అక్కా, పీర్లను మా ఇంటికి తీస్కరా” అన్నది. అంతకు మించి చర్చ జరగలేదు.

ఆ వానాకాలమంతా మా ఇల్లు వేరే ఇల్లయింది. మేమెవరమూ ఆ గదిలోకి చెప్పులతో పోలేదు, ఆ దగ్గర గట్టిగా మాట్లాడుకోలేదు. బేస్తవారం సాయంత్రం ఖాలా వచ్చి గుడ్డలో చుట్టిన పీర్ల ముందు ఊదు వేసేది. తర్వాత ఆమె, మా అత్తమ్మ ఇద్దరూ గడప మీద కూర్చుని, ఒకే తమలపాకుల సంచిలోంచి తీసుకుని నములుతూ, ఎప్పుడో చచ్చిపోయినవాళ్ల ముచ్చట్లు చెప్పుకునేవాళ్లు. నేను అన్నం వండుతూ వినేదాన్ని. ఆ ఊరి సంగతులు నాకు తెలిసినవన్నీ ఆ గడప దగ్గర తెలిసినవే.

పని మాత్రం నత్తనడక నడిచింది. సున్నం నానాలి, మాగాలి, ఇసుకా కరక్కాయ నీళ్లూ బెల్లమూ కలిపి గానుగలో నూరాలి. ఇంతలో వానలు ముందే పట్టాయి. విప్పిన గోడలు తడుస్తుంటే జనానికి ఓపిక పోయింది. ఒక పొద్దున మా చిన్నమామ ట్రాక్టరు నిండా సిమెంటు బస్తాలు వేసుకుని చావిడి ముందు దింపబోయాడు. మా అత్తమ్మ పోయి గుమ్మంలో కూర్చుంది.

“వదినె, జెర లెవ్వు. వారంల స్లాబ్ పడ్తది. పండుగ దగ్గరికొస్తున్నది” అన్నాడు ఆయన.

“సిమెంట్ ఏస్తె ఆ ఇంజనీరమ్మ ఇగ పైస ఇయ్యదు గద మరిదీ.”

“ఇయ్యకుంటె నేను పెట్టుకుంట. ఇంకేంది?”

“నీ ఇంటికి స్లాబ్ ఏసి ఎన్నేండ్లాయె? నిన్న వానకు మంచాల మీద గిన్నెలు పెట్టుకున్నరని నీ పెండ్లామే చెప్పింది.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చిన్నమామకు కోపం వచ్చింది గాని నవ్వూ ఆగలేదు. మా అత్తమ్మ మాత్రం నవ్వలేదు. “గీ గోడకు మా అత్త సున్నం నూరింది. గిది ఎవ్వలు కట్టిండ్రంటె ఊరంత కట్టిండ్రని చెప్పేది. రేపు ఎవ్వలన్న అడిగితె, ట్రాక్టర్ల వచ్చిందని చెప్పమంటవా?” అని అడిగింది. ఆయన గోడల వైపు చూసి, ట్రాక్టరు తిప్పించుకుపోయాడు. ఆ సిమెంటు ఆయన ఇంటి కప్పుకే పనికొచ్చింది.

గొడవ తీరింది గాని గానుగ తిప్పే ఎడ్లు లేవు. అది విత్తనాల అదును; ఒక్క పూట కూడా ఎవరూ ఎడ్లను ఇవ్వలేని కాలం. మా అత్తమ్మ మా ఎడ్లనే కట్టించింది. మా ఆయన ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు. పదును పోతే మొక్కజొన్న ఏం పండుతుందని ఆయన బాధ, అందులో అబద్ధమేమీ లేదు. ఆమె కొడుకును బతిమాలలేదు, కసరలేదు. తెల్లారి తనే ఎడ్లను తోలుకుని గానుగ దగ్గరికి పోయింది. రెండో రోజు ఆయనే వెళ్లి ఆమె చేతిలోంచి ములుగర్ర తీసుకున్నాడు. షిఫ్టు దిగినవాళ్లు కంపెనీ బట్టలతోనే వచ్చి తట్టలు మోశారు. ఖాలా గానుగ పక్కన పీట వేసుకుని, బెల్లం నీళ్లకు చేరిన చీమలను కొంగుతో తోలుతూ, “ఇంకా మెత్తగ రావాలె బేటా” అంటూ అందరినీ సతాయించేది. పిల్లలకు సెలవిచ్చి నేనూ కరక్కాయలు దంచాను. అరచేతులు పొక్కినా ఆ రోజుల్లో చేసినంత సంతోషంగా నేను మళ్లీ ఏ పనీ చేయలేదు.

పండుగ నెల పొడిచేనాటికి కొత్త కప్పు వేయటం పూర్తయింది. ఇంజనీరమ్మ వచ్చి, గోడ మీద చేయి వేసి, ఈ కొస నుంచి ఆ కొసదాకా తడుముతూ నడిచింది. మిగిలిన విడత వచ్చింది. పీర్లు మా ఇంటి నుంచి చావిడికి కదిలిన రోజు ఊరంతా వెంట నడిచింది. పటాన్‌చెరు నుంచి వచ్చిన ఖాలా పెద్దకొడుకు మొదటి పీరు ఎత్తుకున్నాడు, గుండం చుట్టూ అందరికంటే ఎక్కువ ఎగిరింది మా చిన్నమామే. ఆ ఏడు మా మొక్కజొన్న పలచగానే పండింది. ఆ సంగతి మా అత్తమ్మ ఎప్పుడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

మా అత్తమ్మ, ఖాలా ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. చావిడి నిక్షేపంగా ఉంది. ఇప్పుడు గ్రాంటులు సులువయ్యాయి, డబ్బూ ఎక్కువే ఇస్తున్నారు, మా కోడలి లాంటి పిల్లలు మంచి మనసుతోనే ముందుకొస్తున్నారు. వాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. దరఖాస్తు రాయటానికి సాయం చేస్తానని చెప్పాను కూడా. ఆ మాట చెప్పి బయటకు వచ్చి మా అంతస్తులో ఉన్న నాలుగు తలుపుల వైపు చూశాను. అన్నీ మంచి కుటుంబాలే, పండుగకు మిఠాయి డబ్బాలు పంపుకునేవాళ్లమే. ఆ తలుపుల వెనక ఎవరైనా తమ ఇంట్లో అన్నిటికంటే ప్రాణమైనదాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి, వానలు వెలిసేదాకా నీ గదిలో ఉంచమని నన్ను అడుగుతారా అనుకున్నాను. అడిగితే, మా అత్తమ్మలాగా ఒక్క మాటతో తలుపు తీయగలనా అని కూడా అనుకున్నాను.