ఊదారంగు కోళ్ళు

నా చిన్నప్పుడు మా ఇళ్ళ లైనులో అందరికంటే ముందు లేచేవి మా నాయనమ్మ కోళ్ళు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మాది రైల్వే క్వార్టరు. వెనక పెరట్లో కొన్ని నాటుపెట్టలు ఉండేవి. వాటన్నిటి మీదా పెత్తనం ఒక నల్లపెట్టది. ఎనభైల తొలి సంవత్సరాల్లో ఒక తెల్లవారుజామున ఆ కోళ్ళు అరవలేదు. ఆ నిశ్శబ్దానికే నాకు మెలకువ వచ్చింది.

ముందురోజు సాయంత్రం పక్కింటి అక్క మూడు తెల్లకోళ్ళను తెచ్చింది. అక్క మొగుడు రైల్వే యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలిస్తూ మధ్యలో నలిగి చనిపోయాడు. అప్పటినుంచి ఆమె తండ్రి ఇంట్లోనే ఉంటూ, ఊరి చివర కోళ్ళఫారంలో గుడ్లు ఏరే పనికి వెళ్ళేది. గుడ్లు తగ్గిన కోళ్ళను అక్కడ కోతకు పంపేస్తారు. అలా పోవలసిన మూడింటిని అడిగి తెచ్చుకుంది. మెడ మీద ఈకలు లేవు, ముక్కుల కొసలు కత్తిరించి ఉన్నాయి. పుట్టినప్పటినుంచి తీగల మీదే నిలబడ్డవి కాబోలు, నేల మీద దించితే కాలు ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టాయి.

"మా ఇంట్లో గూడు లేదు నాయనమ్మా, నీ కోళ్ళతో ఉంచవా" అని అడిగింది.

మా నాయనమ్మది శ్రీకాకుళం వైపు. కొత్తకోడిని రోలు చుట్టూ మూడుసార్లు తిప్పితే అది ఆ ఇంటిదైపోతుందని వాళ్ళ నమ్మకం. ఒక్కొక్కదాన్నీ చంకన పెట్టుకుని శ్రద్ధగా తిప్పి, పొద్దుగూకగానే అన్నిటితోపాటు అదే గూటిలోకి తోసి తలుపు వేసింది. తిప్పిన సంగతి రోలుకు తెలుసు, మా నాయనమ్మకు తెలుసు. నల్లపెట్టకు ఎవరూ చెప్పలేదు.

ఉదయం గూడు తెరిస్తే ఒక తెల్లకోడి చచ్చిపడి ఉంది. ఇంకొకదాని వీపు చీలి, ఎర్రగా మాంసం కనిపిస్తోంది. మా కోళ్ళు దాని చుట్టూ చేరి, అరుపూ కొట్లాటా లేకుండా, గింజలు ఏరుకుంటున్నంత నెమ్మదిగా ఆ ఎరుపునే పొడుస్తున్నాయి. నేను రోజూ చేతిలో నూకలు పెట్టి తినిపించే కోళ్ళే అవి.

మాట వీధి కొళాయి దాకా పోయింది. చచ్చింది కోడి, చంపింది కోళ్ళు, నల్లపెట్ట ముక్కుకు నెత్తురు ఇంకా ఆరలేదు. అయినా మా లైనులో ఒక్కరూ ఆ ముక్కు వైపు చూడలేదు. అందరూ అక్క చేతుల వైపే చూశారు.

"ఆ పిల్ల సెయ్యి పెడితే కోడయినా బతకదు" అంది ఒకామె.

"మొగుణ్ణే మింగీసింది, కోడెంత" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

ఆ నవ్వుకు అక్క తండ్రి బెదిరిపోయాడు. సాయంత్రం మా గుమ్మం దగ్గరికి వచ్చి, ఆదివారం బండికి కూతుర్ని అత్తవారింటికి పంపేస్తానన్నాడు. ఆ ఇంట్లో మరిది ఒకసారి ఆమె పెట్టెను వీధిలోకి విసిరేశాడని అందరికీ తెలుసు. గోడ అవతల అక్క ఏడుపు వినిపించలేదు. వినిపించి ఉంటే నాకు కొంచెం తక్కువ భయం వేసేదేమో.

మా నాయనమ్మ పెరట్లోకి నడిచింది. గూటికి మధ్యలో పాత ఇనుపజాలీ అడ్డంగా కట్టి, తెల్లకోళ్ళను అవతల పెట్టింది. ఒకదాన్నొకటి చూసుకోవచ్చు, పొడుచుకోలేవు. తరువాత రైల్వే ఆసుపత్రిలో దెబ్బలకు ఇచ్చే ఊదారంగు మందు సీసా తీసి, తెల్లకోడి గాయానికి దట్టంగా పూసింది. రెండోదానికి గాయం లేకపోయినా పూసింది. ఆపైన మా పెట్టలన్నిటినీ పట్టుకుని వీపుల మీద పూసింది. చివరికి నల్లపెట్టకు కూడా.

"దానికి దెబ్బ తగల్లేదు కదా" అన్నాను.

"ఎరుపు అవుపిస్తే అయి ఆగవు గుంటా. అన్నిటికీ పూసీసినామనుకో, ఏది పొడవాలో ఆటికి తెలీదు" అంది.

మర్నాడు శనివారం. కొళాయి దగ్గర అక్క కడవను ఎవరో కాలితో వెనక్కి నెట్టారు. అది దొర్లి వరస చివర ఆగింది. లైనులో అందరికంటే వయసులో పెద్దది కాబట్టి మా నాయనమ్మ కడవ ఎప్పుడూ ముందుండేది. ఆమె దాన్ని తీసుకుని, నెమ్మదిగా నడిచి, అక్క కడవకు వెనక పెట్టింది. వేళ్ళకు ఊదారంగు ఇంకా అలాగే ఉంది.

"ఇదేటి పెద్దమ్మా" అని ఎవరో అన్నారు.

"నా మొగుడు పోయి ఎన్నేళ్ళయిందో మీకెరికే. ఇద్దరు బిడ్డల్ని కూడా మట్టిలో పెట్టినాను. ఈ పిల్ల ఒక్కడినే మింగింది. నాను దానికంటే ఎనకే ఉండాల గదా" అంది, బియ్యం ధర చెప్పినట్టు మామూలుగా.

కొళాయి నీళ్ళు కిందనున్న కడవలోంచి పొర్లిపోతున్నా ఎవరూ దాన్ని తియ్యలేదు. కాసేపటికి అక్క కడవను నెట్టినామె, గత ఏడాదే తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి, తన బిందెను వరసలోంచి తీసి మా నాయనమ్మ కడవ వెనక పెట్టుకుంది.

ఆదివారం బండి అక్క లేకుండానే వెళ్ళింది.

కానీ మా కోళ్ళ చూపు ఒక్కరోజులో మారలేదు. జాలీ తీయడానికి వారాలు పట్టింది. తీసిన తరువాత కూడా ఊదారంగు వెలిసినప్పుడల్లా నల్లపెట్ట తల పక్కకు వంచి, ఒంటికంటితో ఆ తెల్లకోడి వీపునే చూసేది. మా నాయనమ్మ మళ్ళీ సీసా తెచ్చి మళ్ళీ పూసేది. కొత్తకోడిని రోలు చుట్టూ తిప్పడం మాత్రం ఆమె ఆ తరువాత ఎప్పుడూ చెయ్యలేదు.

తరువాత జీవితంలో నేను చాలా సభల్లో మూఢనమ్మకాల మీద గొంతు చించుకున్నాను. రోలుకు శక్తి లేదని నిరూపించడం తేలికే. పక్కవాడి గాయం కనిపించగానే తల అటు తిరిగే ఆ అలవాటును నిరూపణలు ఏమీ చెయ్యలేవు. ఈ రోజుకీ నలుగురు చేరి ఒక మనిషిని అరిష్టం అంటుంటే, నేను ఆ మనిషి చేతుల వైపు చూడను, చుట్టూ ఉన్న ముక్కుల వైపు చూస్తాను. వాటిలో నాది కూడా ఉందేమోనని ముందు తడుముకుంటాను. ఆ తరువాత నా కడవ తీసుకుని వరస చివరికి నడుస్తాను.