స్మారకం రాయిలో వినిపించిన చప్పుడు

మా ఇంట్లో దయ్యాల కథలు చెప్పనిచ్చేవారు కాదు. నాన్న బైబిలు పట్టుకుని ఇంట్లోనే నాకు అక్షరాలు నేర్పారు. కంటికి కనబడనివాళ్ళలో దేవుణ్ణి తప్ప నేను ఎవరినీ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డెబ్బయ్యో దశకం మొదట్లో మేము గోదావరిఖనిలో ఉండేవాళ్ళం. మా కాలనీ చివర, దేశమంతా గౌరవించిన ఒక నాయకుడి స్మారకం ఉండేది. ఆయన పోయినప్పుడు కార్మికులే కట్టుకున్నారు. గని తవ్వినప్పుడు లోపలి నుంచి తీసిన ఇసుకరాయినే అక్కడ నిలబెట్టారు.

ఒక ఉదయం గనిలో పైకప్పు కూలింది. మా ఆయన, ఆయనతో పనిచేసే ఓదెలు లోపల చిక్కుకున్నారు. ఆడవాళ్ళను గని దగ్గరికి రానివ్వలేదు. ఓదెలు భార్య లచ్చమ్మ, నేను స్మారకం గద్దె మీదే కూర్చున్నాం. మరునాడు మధ్యాహ్నానికి కబురొచ్చింది. లోపలి నుంచి ఏ అలికిడీ లేదట, తవ్వడం ఆపేస్తారట.

నాకు ప్రార్థన కూడా నోట రాలేదు. రాయికి నుదురు ఆనించి "ప్రభువా" అని మాత్రం అన్నాను.

రాయి లోపల చప్పుడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. పైకప్పు గట్టిగా ఉందో లేదో తెలుసుకోవడానికి గనివాళ్ళు కర్రతో అలాగే కొట్టి వింటారు. లచ్చమ్మను పిలిచాను. ఆమె చాలాసేపు చెవి ఆనించి, తల అడ్డంగా ఊపింది.

గని దాకా పరుగెత్తాను. గేటు దగ్గర రాజయ్య కాక కనిపించారు. ఆయన గనిలో ఒక జట్టును నడిపించే ముసలి సర్దార్.

"కాకా, కొడుతున్నరు! స్మారకం రాయిల ఇనవడ్డది."

పక్కనున్న గుమాస్తా, "గాడికీ గీడికీ రెండు మైళ్ళు. రాయి నీకు ఫోను చేసిందా అమ్మా?" అన్నాడు.

"మీకు ఇనవడలేదని ఆపుతున్నరు. ఆమెకు ఇనవడ్డదని నేను తవ్వుత. ఇంకొక్క షిఫ్టు," అని కాక తనవాళ్ళను దింపారు. ఆ మేలు బతికున్నంతకాలం మరువను.

పొద్దుగూకేలోపు మా ఆయనను బయటికి తెచ్చారు. ప్రాణముంది. తర్వాత ఓదెలును తెచ్చారు. ప్రాణం లేదు.

దవాఖానలో చప్పుడు సంగతి మా ఆయనకు చెప్పాను.

"నేనెట్ల కొడ్త? నా రెండు చేతులు బండ కిందనే ఉండె. ఓదెలు కప్పు కూలినప్పుడే పాయె."

ఓదెలు దినాల రోజు లచ్చమ్మ నా చేయి పట్టుకుంది. "అక్కా, కొట్టింది మా ఆయనేనా? మరి నాకెందుకు ఇనవడలే?"

దేవుడు నాకు భర్తను తిరిగిచ్చాడు. రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. లచ్చమ్మకు మాత్రం ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.