గేటు మీద పదమూడు పొరలు

స్తామెన్ గెలెవ్‌కు అరవై రెండేళ్లు. లిపొవెట్స్ ఊళ్లో ఏ ఇంట్లో ఏ కంప్యూటర్ ఉందో, దానికి ఎన్నేళ్లో ఆయన్ని అడిగితే చెప్పేవాడు. కుర్రతనంలో సర్కారు కంప్యూటర్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. అది మూతపడ్డాక చర్చి వెనక సందులో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. కొత్తది కొనుక్కోమన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. పాత పెట్టెను విప్పి, ఏం మారిస్తే ఇంకో ఐదేళ్లు బతుకుతుందో చూసి, అంతవరకే మార్చేవాడు. మనిషి ముక్కోపి. కంప్యూటర్ మీద అల్లిక గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టిన ఆడవాళ్లకు గుమ్మంలోనే అక్షింతలు పడేవి. అయినా ఊరంతా ఆయన దగ్గరికే వెళ్లేది, మాట మీద నిలబడే మనిషని.

ఆయనకు ఒక గర్వం ఉండేది. పవర్ సప్లై డబ్బాను అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని తూచి, మంచిదో నాసిరకమో చెప్పేసేవాడు. లోపల రాగీ ఇనుమూ దండిగా ఉంటే డబ్బా బరువుంటుంది. ఫ్యాక్టరీలో పెద్ద మేస్త్రి నేర్పిన విద్య అది. ఆ కాలానికి నిజమే కూడా.

ఊళ్లో చావు కాగితాలు అచ్చువేసేది దొబ్రినా. ఎవరైనా పోతే ఫోటోతో కాగితం వేసి ఇంటి గేటుకూ బస్టాపుకూ అంటిస్తారు. నలభయ్యో రోజుకు ఒకటి, ఆర్నెల్లకు ఒకటి, ఆపైన ఏడాదికొకటి. అంటించిన కాగితాన్ని ఎవరూ పీకరు. గాలో వానో తీసుకుపోవలసిందే. చేత్తో పీకితే పోయిన మనిషిని ఇంట్లోంచి గెంటినట్టేనని వాళ్ల నమ్మకం. దొబ్రినా కంప్యూటర్ పెట్టెలో పన్నెండేళ్ల చావులున్నాయి, రెండువేల పైచిలుకు ముఖాలు. వాటికి ఇంకో ప్రతి తీసి పెట్టుకోమని స్తామెన్ ఏటా పోరేవాడు. వచ్చే నెల చేస్తానని ఆమె ఏటా అనేది.

మార్చిలో ఆ పెట్టె పూర్తిగా మొరాయించింది. ఒక్క ఫోటో తెరుచుకునేలోపు కాఫీ కాచుకుని తాగెయ్యొచ్చు. స్తామెన్ విప్పి చూసి, బోర్డు గట్టిదే, ప్రాసెసర్ మాత్రం చాలడం లేదన్నాడు. అదే బోర్డుకు ఎక్కే నాలుగు కోర్ల ప్రాసెసర్ ఒకటి, మూసేసిన నోటరీ ఆఫీసు కంప్యూటర్లోంచి తీసి దాచింది ఆయన దగ్గర ఉంది. అయితే అది కరెంటు ఎక్కువ తింటుంది, పాత పవర్ సప్లై దాన్ని మోయలేదు. కాబట్టి రెండూ మార్చాలి.

ఆదివారం సంతలో సీలు విప్పని డబ్బా దొరికింది. అరచేతిలో పెట్టి కళ్లు మూసుకున్నాడు. మంచి బరువు. ఊరూపేరూ లేని డబ్బా ఏది తెచ్చినా నాలుగు మరలూ విప్పి లోపల చూడటం ఆయన అలవాటు. ఆ రోజు చూడలేదు. చెయ్యి చెప్పాక ఇంక కన్నెందుకు అనుకున్నాడు.

పనంతా శుభ్రంగానే చేశాడు. పాత ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టును స్పిరిట్‌తో తుడిచి, కొత్తదాన్ని బలం పెట్టకుండా దాని గూట్లో దింపి, బఠాణీ గింజంత పేస్టు వేసి ఫ్యాను బిగించాడు. ఫోటో రెప్పపాటులో తెరుచుకుంది. దొబ్రినా సంబరపడి జున్ను పొరల బానిత్సా పళ్లెం నిండా పంపింది.

నాలుగో రోజు పెట్టెలోంచి పటేలుమని చప్పుడు, వెంట కాలిన వాసన. స్తామెన్ వెళ్లేసరికి ఆ ముఖాలన్నీ దాచి ఉన్న డిస్కు బోర్డు నల్లగా మాడిపోయి ఉంది. పవర్ సప్లై విప్పాడు. లోపల సగం ఖాళీ. అడుగున అరచెయ్యంత ఇనుప పలక జిగురుతో అతికించి ఉంది. దానికి ఏ తీగా లేదు, ఏ పనీ లేదు. ఆయనలాంటి వాళ్ల చేతులను మోసం చేయడానికే ఎవడో దాన్ని అక్కడ పెట్టాడు. స్తామెన్ ఆ పలకను ఊడదీసి జేబులో వేసుకున్నాడు. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

డిస్కును రాజధానికి పంపితే రెండు నెలలు పడుతుందన్నారు, ఆశ పెట్టుకోవద్దనీ అన్నారు. చాలా ముఖాలకు ఆయా ఇళ్లలో వేరే ఫోటోలున్నాయి. ఒక్కటి మాత్రం ఎక్కడా లేదు, అది స్తోయ్నా కొడుకు కలోయన్‌ది. ఇరవై నాలుగేళ్లవాడు, వంతెన పనిలో పరంజా మీంచి పడి పోయాడు. పోవడానికి వారం ముందు, వేరే దేశం నుంచి వచ్చిన తోటి పనివాడు తీసిన ఫోటో అది. ఆ కుర్రవాడు దాన్ని నేరుగా దొబ్రినా పెట్టెలోకి ఎక్కించి, తన దేశం దారి తాను పట్టాడు. తల్లి ఇంట్లో గోడ మీదున్నది పద్నాలుగేళ్లప్పటి బడి ఫోటో. గుర్తింపు కార్డు చనిపోయినప్పుడే ఆఫీసువాళ్లు తీసేసుకున్నారు. సమాధి మీద ఉన్నది చెక్క సిలువ, దాని మీద ఉత్త పేరు. పెద్దవాడైన కలోయన్ ముఖం ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. శనివారానికి వాడు పోయి పదకొండేళ్లు, కొత్త కాగితం వేయాలి.

దొబ్రినా కుర్చీలో కూలబడింది. తర్వాత మెల్లగా అంది. "డిస్కు పాతబడిపోయిందని చెబుదాం అన్నా. ఆవిడకేం తెలుస్తుంది?"

"ఆవిడకి తెలీదు. అందుకే చెప్పాలమ్మా," అన్నాడు స్తామెన్.

స్తోయ్నాకు డెబ్బై మూడేళ్లు. ఊరి చివర ఒంటరిగా ఉంటుంది. స్తామెన్ ఆమె వంటింట్లో బల్ల మీద ఇనుప పలక పెట్టి, జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పాడు. తూచి మోసపోయానన్నాడు, విప్పి చూడాల్సింది, చూడలేదన్నాడు. ఆమె పలకను ముట్టుకోలేదు.

"అంటే వాడి ముఖం ఇంక లేదా?" అంది.

"లేదు పిన్నీ. నా వల్లే."

ఆమె లేచి పొయ్యి మీది గిన్నె దించి, మళ్లీ ఎక్కించింది. అరిచి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. తల వంచుకుని బయటికి వచ్చి గేటు దగ్గర ఆగిపోయాడు.

గేటు మీద పదో ఏటి కాగితం ఉంది. దక్షిణం వాకిలి, పైగా నీడనిచ్చే చెట్టును పోయినేడే కొట్టేయడంతో ఎండకూ వానకూ ముఖం తెల్లబారి, నుదురూ గడ్డమూ మాత్రం మిగిలాయి. స్తామెన్ దాని అంచు మీద వేలు పెట్టాడు. అట్టలా మందంగా తగిలింది. పాతది పీకడానికి చేతులు రాక స్తోయ్నా ప్రతిసారీ పిండి జిగురు కాచి, కొత్తదాన్ని పాతదాని మీదే అంటిస్తూ వచ్చింది. అన్నీ కలిపి పదమూడు కాగితాలు. పైది ఎండకు పోయింది. కిందివి అంటించినప్పుడు చెట్టు నీడ ఉండేది.

ఆయన వెనక్కి వెళ్లి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ పొరల కింద కలోయన్ ముఖం చెదరకుండా ఉండొచ్చనీ, వాటిని విడదీయనిమ్మనీ అడిగాడు. ఆమె ఆయన వైపు చూసింది.

"పీకుతావా వాణ్ణి?"

"పీకను పిన్నీ. వేడినీళ్లతో నానబెట్టి విడదీస్తాను. నువ్వు ఆపమంటే ఆపేస్తాను."

ఆమె నీళ్లు కాచింది.

మధ్యాహ్నం మొదలుపెట్టారు. ఆమె తడిగుడ్డ అద్దుతుంటే ఆయన బోర్డుల మీద వాడే పలుచటి కత్తితో అంచులు లేపాడు. లేజర్ అచ్చు కాబట్టి నీళ్లకు చెదరలేదు, కాగితం మాత్రం చిరిగేది. తొమ్మిదో ఏడు ముక్కలైపోయింది. ఎనిమిదో ఏట కళ్లు పోయాయి. దారినపోయేవాళ్లు ఆగి, ఏం జరుగుతోందో అర్థమై, సిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయారు. స్తామెన్ చొక్కా చెమటతో తడిసిపోయింది. ఏడూ, ఆరూ, ఐదూ ఏదో ఒక చోట చిరిగాయి. నాలుగో ఏడు మాత్రం పూర్తిగా వచ్చింది. ఎండిన జిగురును ఆమె బొటనవేలితో మెల్లగా తుడిచింది. కింద కలోయన్ నవ్వుతున్నాడు. మెడ మీద సున్నం మరక కూడా చెదరలేదు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "మళ్లీ ఇలా చూస్తాననుకోలేదు నాయనా వీణ్ణి," అంది. ఇంకా కింద ఉన్నవి తీయనివ్వలేదు. అట్టడుగున ఉన్నదాని మీద పూడ్చిపెట్టే వేళ రాసి ఉంటుందనీ, అది తనకు గుర్తుందనీ, మళ్లీ చదవక్కర్లేదనీ అంది. ముక్కలైనవాటిని ఒక్కటీ పారేయకుండా ఏరి, ఆరబెట్టడానికి లోపలికి తీసుకుపోయింది.

నాలుగో ఏటి కాగితాన్ని ఫోటో తీసి, శుక్రవారానికల్లా దొబ్రినా కొత్త కాగితం సిద్ధం చేసింది, స్తామెన్ తన సొంత కంప్యూటర్‌ను ఆమె బల్ల మీద పెట్టి వచ్చాడు మరి. పోయిన మిగతా ముఖాల కోసం తర్వాత ఆయన ఊరంతా గేటు గేటుకూ తిరిగి ఫోటోలు తీశాడు. మూడొందల చిల్లర దొరికాయి. మిగిలినవి పోయినట్టే. అడిగినవాళ్లందరికీ తన తప్పేనని చెప్పాడు.

శనివారం పొద్దున కొత్త కాగితాన్ని ఆయనే అంటించాడు. స్తోయ్నా పోయినవాళ్ల పేరిట పంచే, చక్కెర కలిపిన ఉడికించిన గోధుమలు గిన్నెతో తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తింటున్నంతసేపూ గేటునే చూస్తూ నిలబడింది.

"స్తామెన్, రేపు నేను పోతే నా కాగితం కూడా మీరేగా వేసేది. దాన్ని తెచ్చి వాడి మీద అంటించొద్దు. వాణ్ణి మూసెయ్యొద్దు. పక్కన అంటించు," అంది.

స్తామెన్ గేటు వైపు చూశాడు. అది ఒంటిరెక్క గేటు, సన్నటిది. కలోయన్ కాగితానికే సరిగ్గా సరిపోయింది, పక్కన బెత్తెడు చోటు కూడా లేదు. ఆయన గిన్నె ఖాళీ చేసి ఇచ్చి ఇంటికి వెళ్లాడు. గంటలో ఓక్ చెక్క పలకా, మరలూ తెచ్చి గేటు పక్క స్తంభానికి ఆనించి, కలోయన్ కాగితం ఎత్తుకు సరిగా బిగించాడు.

స్తోయ్నా వచ్చి ఖాళీ పలక మీద అరచెయ్యి ఆనించి, వేళ్లు చాచి కొలిచింది.

"సరిపోతాను," అంది.